పాత పేజీ ఎప్పుడు చెరపాలి? పడవ మొద్దు నుంచి వర్చువల్ మెషీన్ దాకా లాగ్ రొటేషన్ కథ

  ఈ వారం ఎపిసోడ్‌లో నేను మాట్లాడిందే ఇది. మాట్లాడేటప్పుడు అటూ ఇటూ పోయిన ముక్కల్ని వరసలో పెట్టి రాశాను.

ఈసారి విషయం పేరు లాగ్ రొటేషన్. పేరు వినగానే "ఇది సాఫ్ట్‌వేర్ వాళ్ల గోల, మనకెందుకన్నా" అంటారని తెలుసు. నేను కూడా ఐటీఐ ఎలక్ట్రీషియన్‌నే, ఇప్పుడు ఈసా టౌన్‌లో ఉంటూ బిల్డింగ్ పనుల మీద సూపర్‌వైజర్‌గా చేస్తున్నా. కానీ ఒక్కసారి ఆలోచించండి. పొద్దున గేట్ దగ్గర మనం పెట్టే వేలిముద్ర, సాయంత్రం చేసే ఓవర్‌టైమ్, క్యాంపులోకి లోపలికి బయటికి తిరిగిన టైము, ఇవన్నీ ఎక్కడ రాసి ఉంటున్నాయి? ఒకప్పుడు టైమ్‌కీపర్ రిజిస్టర్‌లో. ఇప్పుడు ఏదో ఒక కంప్యూటర్‌లో. ఆ కంప్యూటర్ కూడా చాలాచోట్ల చేత్తో తాకే పెట్టె కాదు, వర్చువల్ మెషీన్. దాంట్లో పాత రాతల్ని ఎన్ని రోజులు ఉంచాలి, ఏ రోజు చెరిపేయాలి అనేది ఎవరో ఒకరు ముందుగానే ఒక లైన్‌లో రాసిపెట్టి ఉంటారు. ఆ లైన్ ఎక్కడి నుంచి వచ్చిందో, మనకి ఎందుకు పట్టాలో చెప్పడమే ఈ వ్యాసం పని.

మొద్దు, తాడు, ముడి

ఇంగ్లీషులో లాగ్ అంటే చెట్టు మొద్దు. కంప్యూటర్ రాతకీ చెట్టు మొద్దుకీ ఏం సంబంధం? సముద్రం సంబంధం.

పాత కాలంలో ఓడ ఎంత వేగంగా పోతుందో చెప్పే మీటర్ లేదు. అందుకని నావికులు ఒక చెక్క ముక్కకి పొడుగాటి తాడు కట్టి ఓడ వెనక నీళ్లలో వేసేవాళ్లు. తాడుకి సమాన దూరంలో ముడులు ఉండేవి. ఓడ ముందుకు పోతుంటే చెక్క నీళ్లలో నిలబడుతుంది, తాడు జారుతుంది. ఇసుక గడియారంలో ఇసుక అయిపోయేలోపు ఎన్ని ముడులు చేతిలోంచి జారాయో లెక్కపెట్టేవాళ్లు. ఓడ వేగాన్ని ఇప్పటికీ నాట్స్‌లో, అంటే ముడుల్లో, చెప్పేది అందుకే. ఇంగ్లాండ్‌లో విలియం బోర్న్ అనే ఆయన 1574లో వేసిన పుస్తకంలో ఈ పద్ధతి రాసి ఉంది.

మొద్దు వేసి తెలుసుకున్న వేగాన్ని, దిక్కుని, గాలిని గంట గంటకీ సుద్దతో ఒక బోర్డు మీద రాసేవాళ్లు. దాని పేరు లాగ్ బోర్డు. బోర్డు చిన్నది, ఒక్క రోజుకే నిండిపోతుంది. అందుకని రోజుకి ఒకసారి దాని మీద ఉన్నదంతా లాగ్ బుక్‌లోకి ఎక్కించి, బోర్డు తుడిచేసి, మళ్లీ మొదలుపెట్టేవాళ్లు.

ఈ చిన్న పనిలోనే అసలు సంగతి అంతా ఉంది. రాసే చోటు ఎప్పుడూ తక్కువే, కాబట్టి తుడవక తప్పదు. తుడిచే ముందు కావలసింది ఇంకోచోటికి ఎక్కించాలి. ఎక్కించినదాని మీద తేదీ ఉండాలి. కంప్యూటర్ వాళ్లు లాగ్ రొటేషన్ అని చెప్పుకునేది ఈ మూడు పనులే. నాలుగు వందల ఏళ్లకి పైగా అయింది, సుద్ద పోయి డిస్క్ వచ్చింది, అంతే తేడా.

పెన్ను ఎవరి చేతిలో ఉంది?

మనం ఉండే ఈ బహ్రెయిన్‌లోనే దీనికి ఇంకో పాఠం ఉంది. ఇక్కడ చమురు బావి పడింది 1932లో. దానికి ముందు ఈ దీవుల బతుకంతా ముత్యాల మీదే. ముహర్రక్‌లో ఆ కాలపు ఇళ్లని, సముద్రంలో ముత్యపు చిప్పల దిబ్బల్ని కలిపి 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. శుక్రవారం ఖాళీ ఉంటే ఒకసారి పోయి చూడండి.

ఎండాకాలం నాలుగు నెలలు పడవలు సముద్రం మీదే ఉండేవి. పడవ నాయకుణ్ణి నఖుదా అంటారు. నీళ్లలో మునిగేవాడు గవ్వాస్, పైనుంచి తాడు లాగేవాడు సైబ్. వీళ్లకి నెల జీతం లేదు. సీజన్ మొదట్లో కొంత అడ్వాన్సు, సీజన్ లేని రోజుల్లో ఇల్లు గడవడానికి ఇంకొంత అప్పు, చివర్లో ముత్యాలు అమ్ముడుపోయాక వాటా. వాటాలోంచి అప్పు తీసేయాలి. లెక్క రూపాయల్లో, అంటే మన ఇండియా రూపాయల్లోనే. 1965లో దినార్ వచ్చేదాకా ఇక్కడ నడిచింది రూపాయే.

లెక్క ఎవరు రాసేవాళ్లు? నఖుదా. గవ్వాస్‌లలో చాలామందికి చదువు రాదు. పుస్తకంలో ఏముంటే అదే అప్పు. తండ్రి చచ్చిపోతే ఆ అప్పు కొడుకుల మీదికి వచ్చేది. ఒక నఖుదా దగ్గర నుంచి ఇంకో నఖుదా దగ్గరకి పోవాలంటే ఎంత అప్పు మిగిలిందో చెప్పే చీటీ ఒకటి కావాలి. దాన్ని బర్వా అనేవాళ్లు. ఎన్.ఓ.సీ. కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లకి ఈ చీటీ ఎంత బరువుండేదో నేను వేరే చెప్పక్కర్లేదు.

1920లలో ఇక్కడ బ్రిటిష్ పొలిటికల్ ఏజెంట్‌గా ఉన్న మేజర్ డేలీ కాలంలో ముత్యాల పనికి సంస్కరణలు వచ్చాయి. వాటిలో ముఖ్యమైనది చాలా చిన్న విషయం: నఖుదాలు సరైన లెక్కలు రాయాలి, ప్రతి డైవర్‌కీ తన లెక్క పుస్తకం ఉండాలి. అంటే రాత ఒకే చోట, ఒకే మనిషి చేతిలో ఉండకూడదు, రెండో ప్రతి ఉండాలి. గొడవలు వెంటనే ఆగిపోలేదు, అడ్వాన్సులు తగ్గాయని డైవర్లే తిరగబడిన రోజులున్నాయి. అయినా ఆ రెండో పుస్తకం తర్వాత నఖుదా మాట ఒక్కటే సాక్ష్యం అనే పరిస్థితి మారింది.

ఖాస్రా పహాణీ చెప్పే సంగతి

ఇక మన ఊరికి వద్దాం. మా నిజామాబాద్ వైపు పొలం తగాదా ఏది వచ్చినా పెద్దమనుషులు మొదట అడిగే మాట "ఖాస్రా పహాణీల ఎవరి పేరున్నది?" అని.

పహాణీ అంటే ఏ సర్వే నంబర్‌లో ఎవరి భూమి, ఎవరు దున్నుతున్నారు, ఏ పంట వేశారు అని ఏటా రాసే లెక్క. ఆంధ్ర వైపు అడంగల్ అంటారు. ప్రతి సంవత్సరం కొత్త పుస్తకం, పాతవి గుడ్డలో మూటగట్టి దస్త్రం. చాలా ఊళ్లలో ఆ దస్త్రాలు పట్వారీ ఇంట్లోనే ఉండేవి. చెదలు తిన్నవి ఎన్నో, వానకి తడిసినవి ఎన్నో. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం పట్వారీ, కరణం ఉద్యోగాలు రద్దు చేసినప్పుడు ఆ మూటలన్నీ చేతులు మారాయి.

ఏటా రాసిన పహాణీల్లో చాలా వాటి గురించి ఇప్పుడు ఎవరూ అడగరు. కానీ 1954-55లో రాసిన ఖాస్రా పహాణీని మాత్రం తెలంగాణ అంతటా అడుగుతారు. హైదరాబాద్ రాజ్యం ఇండియాలో కలిసిన కొన్నేళ్లకి, జాగీర్లు పోయాక రాసిన లెక్క అది. హక్కులకి పునాది రికార్డుగా దాన్నే చూస్తారు. దుబాయిలో పనిచేస్తున్న మనవడు కూడా తాత పేరు కోసం ఆ కాపీకి దరఖాస్తు పెడతాడు.

దీన్నిబట్టి తెలిసేది ఒకటి. ఏటా వచ్చే రాతలన్నీ ఒకే బరువు కాదు. కొన్ని మూటలోకి పోవచ్చు. కొన్నింటిని మాత్రం తిరిగే చక్రంలోంచి బయటికి తీసి వేరే పెట్టాలి. ఏది ఏదో ముందే తేల్చుకోకపోతే చెదలు తేలుస్తాయి.

కంప్యూటర్ డైరీ రాయడం మొదలుపెట్టింది

ఇప్పుడు కంప్యూటర్ దగ్గరికి. కంప్యూటర్‌లో నడిచే ప్రతి సర్వీసూ తను చేసిన పనిని వరసగా రాసుకుంటుంది. ఇన్ని గంటలకి లేచాను, ఫలానా వాడు లోపలికి వచ్చాడు, ఫలానా పని చెయ్యబోతే కాలేదు అని. సైట్‌లో మనం రాసే డైలీ రిపోర్టు లాంటిదే. ఈ ఫైలే లాగ్.

మొదట్లో ఏ ప్రోగ్రామ్‌కి ఆ ప్రోగ్రామ్ తనకి తోచినట్టు రాసుకునేది. 1980ల మొదట్లో అమెరికాలోని బర్క్లీ యూనివర్సిటీలో ఎరిక్ ఆల్‌మన్ అనే ఆయన సెండ్‌మెయిల్ అనే ఈమెయిల్ ప్రోగ్రామ్ రాస్తూ, దానికి తోడుగా సిస్‌లాగ్ తయారుచేశాడు. ప్రోగ్రామ్‌లన్నీ తమ మాట దీనికి చెప్తే, ఇది ఒకచోట రాస్తుంది. ప్రతి మాటకీ ఒక స్థాయి ఉంటుంది. మొత్తం ఎనిమిది స్థాయిలు. అన్నిటికన్నా పైది ఎమర్జెన్సీ, అంటే కొంప మునిగింది అని. అన్నిటికన్నా కిందిది డీబగ్, అంటే రిపేరు చేసేవాడి కోసం రాసే ప్రతి చిన్న ముచ్చట. ఈ పద్ధతి చూసి మిగతావాళ్లూ వాడుకున్నారు. 2001లో ఆర్ఎఫ్‌సీ 3164గా దాన్ని కాగితం మీద పెట్టారు, 2009లో ఆర్ఎఫ్‌సీ 5424గా పద్ధతి ఖరారు చేశారు.

రాయడం ఎవరికైనా సులువే. ఫైల్ పెరుగుతూ పోతుంది, డిస్క్ పెరగదు. అప్పట్లో డిస్కులు మరీ చిన్నవి. అందుకని సిస్టమ్ చూసుకునేవాళ్లు రాత్రిపూట తనంత తాను నడిచే చిన్న స్క్రిప్టులు రాసుకున్నారు. మూడో నంబర్ ఫైల్ తీసెయ్, రెండోదానికి మూడు అని పేరు పెట్టు, ఒకటోదానికి రెండు అని, ఇప్పటి ఫైల్‌కి ఒకటి అని, తర్వాత కొత్త ఖాళీ ఫైల్ తెరువు. ఆఫీసు ర్యాక్‌లో బాక్స్ ఫైళ్లు పక్కకి జరిపి చివరిది తీసేసినట్టు. 1980ల చివర్లో ఎం.ఐ.టి.లోని ఎథీనా ప్రాజెక్టు నుంచి న్యూసిస్‌లాగ్ అనే ప్రోగ్రామ్ వచ్చింది. 1990లలో రెడ్ హ్యాట్ కంపెనీలో ఎరిక్ ట్రోన్, ప్రెస్టన్ బ్రౌన్ లాగ్‌రొటేట్ రాశారు. ఇప్పటికీ లినక్స్ మెషీన్లలో ఎక్కువగా కనిపించేది ఇదే.

దాని సెట్టింగ్ ఫైల్ మా రూమ్‌లో ఉండే తమ్ముడు ఒకసారి చూపించాడు, అతను సర్వర్ల దగ్గర నైట్ షిఫ్ట్ చేస్తాడు. నాకు పెద్ద కోడ్ ఉంటుందేమో అనుకున్నా. ఉన్నవి నాలుగైదు మాటలు. వీక్లీ, అంటే వారానికి ఒకసారి మార్చు. రొటేట్ 4, అంటే పాతవి నాలుగు ఉంచు, ఐదోది తీసెయ్. క్రియేట్, అంటే కొత్తది తెరువు. కంప్రెస్, అంటే పాతవాటిని చోటు తక్కువ పట్టేలా నొక్కి పెట్టు. లాగ్‌రొటేట్‌తో పాటు వచ్చే మామూలు సెట్టింగ్ కూడా ఇంచుమించు ఇదే: వారానికోసారి, నాలుగు. అంటే నెల రోజులు. ఈ నెల రోజుల సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తా.

పేరు మార్చినా పెన్ను అక్కడే

ఇందులో ఒక చిక్కు ఉంది, ఇప్పటికీ సర్వర్ వాళ్లని రాత్రిపూట నిద్రలేపేది అదే.

టైమ్‌కీపర్ రిజిస్టర్ ముందేసుకుని రాస్తున్నాడనుకోండి. మీరు పోయి ఆ రిజిస్టర్ అట్ట మీద "పాతది" అని చీటీ అంటించారు. అతను తల ఎత్తలేదు. అందులోనే రాస్తూ ఉంటాడు. లినక్స్‌లో సర్వీసులు అంతే. ఫైల్ పేరు మార్చినా, అప్పటికే తెరిచి పట్టుకున్న సర్వీసు ఆ పాత ఫైల్‌లోనే రాస్తూ పోతుంది. ఇంకా వింత ఏంటంటే, ఆ ఫైల్‌ని డిలీట్ చేసినా అది పట్టుకున్న చోటు ఖాళీ కాదు. లిస్టులో ఫైల్ కనిపించదు, డిస్క్ మాత్రం నిండే ఉంటుంది. సర్వీసు దాన్ని వదిలేదాకా అంతే.

అందుకని ఫైల్ మార్చగానే సర్వీసుకి భుజం తట్టి చెప్పాలి, "పాతది వదులు, కొత్తది తెరువు" అని. ఆ తట్టడానికి వాడే సంకేతం పేరు హ్యాంగప్. పాత రోజుల్లో టెలిఫోన్ లైన్ మీద కంప్యూటర్‌కి కలిసేవాళ్లు, లైన్ తెగితే వచ్చే సంకేతం అది. ఫోన్ పోయింది, పేరు మిగిలింది. భుజం తట్టినా వినని సర్వీసులుంటాయి. వాటికి కాపీ ట్రంకేట్ అని ఇంకో దారి ఉంది. ఫైల్‌ని ఒక కాపీ తీసి, అసలుదాన్ని ఉన్నచోటే ఖాళీ చేయడం. కాపీ అయిపోయి ఖాళీ చేసేలోపు ఆ కొద్ది క్షణాల్లో పడ్డ లైన్లు పోవచ్చు. లాగ్‌రొటేట్ మాన్యువల్ కూడా ఆ మాట చెప్తుంది. లాగ్ బోర్డు తుడుస్తుండగా నావికుడు అరిచి చెప్పిన ఆఖరి వేగం లాంటిది అది.

ఒక బిల్డింగ్, ఒక ట్యాంకు

ఇప్పుడు వర్చువల్ మెషీన్. ఒక పెద్ద కంప్యూటర్‌ని లోపల గోడలు కట్టి, చాలా చిన్న కంప్యూటర్లుగా వాడుకోవడం. లోపల ఉన్నవాడికి మొత్తం మెషీన్ తనదే అనిపిస్తుంది. ఆలోచన కొత్తది కాదు. ఐబీఎమ్ వాళ్లు 1967లోనే నడిపించారు, 1972లో వీఎమ్/370 పేరుతో అమ్మకానికి పెట్టారు. 1998లో పెట్టిన వీఎమ్‌వేర్ కంపెనీ దాన్ని మామూలు కంప్యూటర్ల మీదికి తెచ్చింది. 2007లో కేవీఎమ్ అనే భాగం లినక్స్‌లోనే కలిసిపోయింది, ఇక ఎవరైనా వాడుకోవచ్చు.

మన క్యాంపు బిల్డింగ్ అనుకోండి. ప్రతి రూమ్‌కీ తాళం వేరు, కరెంటు బోర్డు వేరు. కానీ పైన నీళ్ల ట్యాంకు ఒకటే. ఒక రూమ్‌లో కుళాయి తిప్పి వదిలేసి డ్యూటీకి పోతే సాయంత్రానికి బిల్డింగ్ అందరికీ నీళ్లుండవు. వర్చువల్ మెషీన్లలో ఆ ట్యాంకే డిస్క్.

ఇక్కడ లాగ్‌లు ఒకచోట కాదు, కనీసం మూడు చోట్ల పుడతాయి. రూమ్ లోపల, అంటే వర్చువల్ మెషీన్‌లో నడిచే సర్వీసుల లాగ్‌లు. రూమ్ తలుపు దగ్గర, అంటే ఆ వర్చువల్ మెషీన్‌ని నడిపించే ప్రోగ్రామ్ రాసే లాగ్. బిల్డింగ్ వాచ్‌మన్ దగ్గర, అంటే అసలు కంప్యూటర్ లాగ్. లోపల లాగ్‌రొటేట్ పెట్టి "మా రూమ్ శుభ్రంగా ఉంది" అనుకుంటే సరిపోదు.

ఈ రెండోదాని కథ నాకు బాగా నచ్చింది. లినక్స్‌లో వర్చువల్ మెషీన్లని నడిపేది క్యూఈఎమ్‌యూ, దాన్ని చూసుకునే మేనేజర్ పేరు లిబ్‌వర్ట్. ప్రతి వర్చువల్ మెషీన్‌కీ బయట ఒక లాగ్ ఫైల్ ఉండేది, క్యూఈఎమ్‌యూ తన హెచ్చరికలన్నీ నేరుగా అందులో రాసేది. లోపల ఉన్నవాడు చెడ్డవాడైతే, కావాలని తప్పుడు పనులు చేస్తూ ఆ హెచ్చరికలు ఆగకుండా పుట్టించవచ్చు. వాడి రూమ్‌లో ఏమీ నిండదు, నిండేది అందరి ట్యాంకు. పైగా వర్చువల్ మెషీన్ నెలల తరబడి ఆగకుండా నడుస్తుంది కాబట్టి ఫైల్ చేతిలోంచి వదలదు, భుజం తట్టినా లాభం లేదు.

2015 చివర్లో లిబ్‌వర్ట్ వాళ్లు దీనికి వర్ట్‌లాగ్‌డీ అనే వేరే సర్వీసు తెచ్చారు. క్యూఈఎమ్‌యూ ఇక ఫైల్‌ని ముట్టుకోదు, పైపులోకి మాట పంపుతుంది. రాసేది వర్ట్‌లాగ్‌డీ. ఫైల్ 2 ఎంబీ దాటితే తనే మారుస్తుంది, పాతవి 3 ఉంచుతుంది, ఇవి దాని మామూలు సెట్టింగులు. కుళాయి రూమ్‌లో ఉన్నా వాల్వు వాచ్‌మన్ చేతిలో పెట్టినట్టు. వీఎమ్‌వేర్‌లో కూడా మెషీన్ ఆన్ చేసిన ప్రతిసారీ కొత్త లాగ్ మొదలై, పాతదానికి నంబర్ పడి, లెక్క దాటినవి పోతాయి.

లాగ్ వేరు, లెక్క వేరు

ఇంత కథ ఎందుకు చెప్పానంటే, కొన్నేళ్ల కింద ఒక సైట్‌లో జరిగింది చూశాను కాబట్టి. కంపెనీ పేరు అనవసరం. వేలిముద్ర మెషీన్ల హాజరంతా ఒక వర్చువల్ మెషీన్‌లోకి పోయేది. ఎవరో రిపేరు కోసం ఆ సాఫ్ట్‌వేర్ లాగ్‌ని డీబగ్ స్థాయిలో పెట్టి, పని అయ్యాక తగ్గించకుండా వదిలేశారు. లాగ్ పెరిగి పెరిగి డిస్క్ నిండింది. డిస్క్ నిండితే హాజరు రాసుకునే డేటాబేస్ కూడా ఆగిపోతుంది. గేట్ దగ్గర మెషీన్ మాత్రం బీప్ అంటూనే ఉంది. మనవాళ్లు వేలు పెడుతూనే ఉన్నారు.

తర్వాత ఐటీ మనిషి వచ్చి పాత ఫైళ్లు తీసేసి చోటు చేశాడు, నెల దాటినవి తనంత తానే పోయేలా పెట్టాడు. సిస్టమ్ బాగా నడిచింది. రెండు నెలలకి ఓవర్‌టైమ్ లెక్క దగ్గర గొడవ వచ్చింది. ఇరవై మందికి పైగా మనుషులకి కొన్ని రోజుల హాజరు లేదు. ఆ రోజుల్లో డిస్క్ నిండిందని చూపించే లాగ్ కావాలి. అది కూడా లేదు, నెల దాటింది కదా. పని చేశారని రుజువూ లేదు, మెషీన్ ఆగిందని రుజువూ లేదు.

చివరికి పనికొచ్చింది మూడు ప్రతుల డైలీ రిపోర్టు పుస్తకం. రోజూ ఎంతమంది, ఏ ఫ్లోర్, ఎన్ని గంటలు అని కార్బన్ పెట్టి రాసి, కన్సల్టెంట్ మనిషి సంతకం తీసుకునేది. సంతకం ఉన్న రోజులకి డబ్బులు వచ్చాయి. సంతకం దొరకని రోజులకి రాలేదు.

ఐటీ మనిషి లాగ్‌రొటేట్‌ని తప్పుగా పెట్టలేదు. లాగ్‌కి నెల చాలు. అక్కడ లోపం ఏంటంటే, లాగ్ ఏదో లెక్క ఏదో ఎవరూ విడదీయలేదు. లాగ్ అనేది మెషీన్ ఆరోగ్యం చెప్పే డైరీ, అది తిరగాలి, పాతది పోవాలి. హాజరు అనేది మనిషి కష్టం లెక్క. అది ఖాస్రా పహాణీ లాంటిది, వేరే డిస్క్ మీద, వేరే నియమంతో ఉండాలి. మెషీన్ ఆగిన రోజు లాగ్ కూడా ఆ లెక్కకి సాక్ష్యమే అవుతుంది, దాన్ని చెరిపే ముందు పక్కకి తీయాలి. నావికుడు బోర్డు తుడిచే ముందు చేసింది అదే.

తక్కువ ఉంచినా తంటా, ఎక్కువ ఉంచినా తంటా

ఇప్పుడు ఇదంతా మన కళ్ల ముందే పెద్దదైంది. బహ్రెయిన్ ప్రభుత్వం 2017లో క్లౌడ్‌కే ముందు చోటు అనే విధానం పెట్టుకుంది. 2019 జూలైలో అమెజాన్ తన క్లౌడ్ కేంద్రాల్ని ఇక్కడ తెరిచింది. వర్చువల్ మెషీన్లు నడిచే చోటు ఇప్పుడు మనం కాంక్రీటు పోసే ఈ నేల మీదే.

క్లౌడ్‌లో కథ తిరగబడింది. అమెజాన్ లాగ్ సర్వీసులో మనం ఏమీ చెప్పకపోతే లాగ్‌లు ఎప్పటికీ పోవు, ఉంచినంత కాలం అద్దె పడుతుంది. పాత లినక్స్‌లో ఏమీ చెప్పకపోతే నెల, ఇక్కడ ఏమీ చెప్పకపోతే ఎప్పటికీ. రెండిట్లోనూ ఎవరూ కూర్చుని ఆలోచించింది లేదు.

ఎప్పటికీ ఉంచడం మంచిదే కదా అంటారేమో. మనం ఏ గంటకి క్యాంపు దాటామో, ఎక్కడ తిరిగామో పదేళ్లు దాచిపెట్టడం ఎవరికి మంచిది? బహ్రెయిన్‌లో వ్యక్తిగత సమాచారాన్ని కాపాడే చట్టం, 2018 నాటి 30వ నంబర్ చట్టం, 2019 ఆగస్టు నుంచి అమల్లో ఉంది. అవసరానికి మించి మనుషుల సమాచారం ఉంచుకోకూడదనేది అలాంటి చట్టాల మూల సూత్రం. కాబట్టి గేట్ లాగ్ ఒక గడువుకి పోవాలి, జీతం లెక్క దాని గడువు దాకా నిలవాలి. రెండిటికీ ఒకే కత్తెర పెట్టకూడదు.

2021 నుంచి ఇక్కడ జీతాల రక్షణ పద్ధతి వచ్చింది, జీతం బ్యాంకు ద్వారానే పడాలి. ఇది పెద్ద మేలు. కానీ బ్యాంకు చెప్పేది ఎంత పడిందో మాత్రమే. ఎన్ని గంటలకి ఎంత పడాలో చెప్పేది హాజరు లెక్కే.

మన చేతిలో ఉన్నది

సర్వర్ సెట్టింగ్ మన చేతిలో లేదు. రెండో ప్రతి మాత్రం మన చేతిలో ఉంది. నెల అయిపోగానే మీ టైమ్‌షీట్ ఫోటో తీసుకోండి, తేదీ కనబడేలా. చిన్న డైరీలో రోజూ ఎక్కిన టైము, దిగిన టైము, ఓవర్‌టైమ్ గంటలు మూడు అంకెలు రాయండి. ఫోన్ పోతే అన్నీ పోతాయి కాబట్టి నెలకోసారి ఇంటికి వాట్సాప్‌లో పంపండి. వేలిముద్ర మెషీన్ పనిచేయని రోజు ఫోర్‌మన్ చేత కాగితం మీద సంతకం పెట్టించుకోండి, ఆ రోజే. తేడా కనిపిస్తే "తర్వాత చూద్దాం" అనొద్దు. ఫిర్యాదుకి గడువు ఉంటుంది, మెషీన్ రాతకీ గడువు ఉంటుంది, రెండూ మన కోసం ఆగవు. కార్మిక శాఖ ఆఫీసు మా ఈసా టౌన్‌లోనే ఉంది. అక్కడికి పోయినవాణ్ణి మొదట అడిగేది "కాగితం ఏముంది?" అనే.

నాలాంటి సూపర్‌వైజర్లకీ, టైమ్‌కీపర్లకీ ఒక మాట. ఐటీ వాళ్లని మూడు ప్రశ్నలు అడగండి. హాజరు లెక్క ఎన్ని నెలలు ఉంటుంది? లాగ్‌లున్న డిస్క్, లెక్కలున్న డిస్క్ ఒకటేనా? డిస్క్ నిండబోతుంటే ఎవరి ఫోన్‌కి మెసేజ్ వస్తుంది? వాళ్లు చిన్నబుచ్చుకోరు. మంచి ఐటీ మనిషైతే ఎవరో ఒకరు అడిగినందుకు సంతోషిస్తాడు.

పాత పేజీ చెరపడం తప్పు కాదు. చెరపకపోతే బోర్డూ నడవదు, సర్వరూ నడవదు. ఏది చెరపాలి, ఎప్పుడు చెరపాలి, చెరిపే ముందు ఎక్కడికి ఎక్కించాలి అన్నది గొడవ రాకముందే, అందరూ ప్రశాంతంగా ఉన్న రోజునే రాసిపెట్టుకోవాలి. గవ్వాస్ చేతికి తన లెక్క పుస్తకం రావడానికి తరాలు పట్టింది. మన జేబులో డైరీ పెట్టుకోవడానికి ఒక్క రోజు చాలు.

మీ కంపెనీలో హాజరు లెక్క ఎన్నాళ్లు ఉంచుతారో కనుక్కుని వాయిస్ మెసేజ్ పెట్టండి. పేర్లు చెప్పక్కర్లేదు, నెలల లెక్క చెప్పండి చాలు. వచ్చినవన్నీ కలిపి ఇంకో ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఎండ ఎక్కువుంది, నీళ్లు తాగుతూ ఉండండి. ఉంటా మరి.